రబ్బరు ఎన్నాళ్ళు ఆపుతాది?

"కరెంటుని పోనిచ్చేవి వాహకాలు. ఆపేవి బంధకాలు. రాసుకోండి. పింగాణీ, గాజు, మైకా, రబ్బరు..."

కౌముది బోర్డు మీద రాస్తుండగా చివరి బెంచీ నుంచి ఒక గొంతు లేచింది.

"రబ్బరు ఎన్నాళ్ళు ఆపుతాది టీచరమ్మా?"

క్లాసంతా ఘొల్లున నవ్వింది.

వెలిసిన నేత చీర, ముడేసిన నెరిసిన జుట్టు, దగ్గరికెళితే చేపల వాసన. ఆ పెద్దావిడ మాత్రం నవ్వలేదు. జవాబు కోసం చూస్తోంది.

కౌముదికి ఒళ్ళు మండింది. శ్రీకాకుళం శివార్లలోని ఆ ఇంజనీరింగు కాలేజీలో ఆమె కొత్త లెక్చరరు. చెప్పేది పదార్థాల విద్యుత్, అయస్కాంత ధర్మాలు. పేరు పలికేలోపే సగంమంది కునుకు తీసే సబ్జెక్టు. పైగా ఇదొకటా!

"ఎవరమ్మా నువ్వు? ఇదేమైనా చేపల బజారనుకున్నావా? బయటికి నడు."

ఆవిడ లేచి వెళ్ళింది. వెళ్ళి, వరండాలో కిటికీ కింద కూర్చుంది. మర్నాడూ అక్కడే కూర్చుంది.

ఇక లాభం లేదని కౌముదే బయటికొచ్చింది. "ఏం కావాలి నీకు?"

"నా పేరు దానమ్మ. మాది సముద్రపొడ్డు. మావూరి ఐసు ఫేక్టరీలో ఈశ్వరని, కరెంటు పని సేసీవోడు. బోర్డు కాడ షాకు కొట్టి సచ్చిపోనాడు. సేతులకి రబ్బరు గ్లౌజులున్నాయి. రబ్బరు కరెంటుని ఆపుతాదని పుస్తకంలోనే ఉన్నాదంట. అంచేత గ్లౌజులు మంచివే, ఈడే తాగొచ్చి తప్పు సేసినాడని ఫేక్టరీ ఇంజనీరు రాసీసినాడు. ఆ పుస్తకం సెప్పీది ఇక్కడేనంటే వచ్చినాను."

"ఈశ్వర్ తాగేవాడా?"

"సుక్క ముట్టడు. సచ్చినోడు తిరిగొచ్చి సెప్పుకోడు కదా!"

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. ఈశ్వర్‌కి ఆపాటి మర్యాద కూడా దక్కలేదు.

"ఆ గ్లౌజులు ఎక్కడ పెట్టేవారు?"

"సముద్రంకేసి గోడకి మేకుంటాది, దానికి తగిలించీవోరు. ఎండా, ఉప్పుగాలీ. కొత్తవడిగితే, ఇవి బాగానే ఉన్నాయి కదా అనీవోడు ఇంజనీరు."

ఎండకి రబ్బరు బీటలేస్తుంది. బీటలో ఉప్పుతేమ చేరితే కరెంటుకి అదే దారి. ఆ సంగతి కూడా ఆ పుస్తకంలోనే ఉంది, నాలుగు పేజీల తరవాత. పరీక్షలో రాదని కౌముది ఏ క్లాసుకీ చెప్పలేదు. సిగ్గేసింది.

"శుక్రవారం ఎంక్వైరీ ఉన్నాది. ఆఫీసరుగోరి ముందు ఈ మాట సెప్పమ్మా."

"ఇంతదూరం నువ్వే రావాలా? ఇంకెవరూ లేరా?"

"నా కొడుకు సంగతి. నాను కాక మరెవులు వస్తారు?"

కడుపుకోత ఎంత పని చేయిస్తుంది, అనుకుంది కౌముది. "వస్తాను," అంది.

ప్రిన్సిపాల్ వేంకటాచలంగారు వినగానే తల పట్టుకున్నారు.

"కొరివితో తల గోక్కుంటావా అమ్మా? మన పిల్లలు ట్రైనింగుకెళ్ళేది ఆ ఫ్యాక్టరీకే. కాకిపిల్ల కాకికి ముద్దు. ఏ తల్లయినా తన కొడుకుదే న్యాయమంటుంది."

"ఈ తల్లి చెప్పింది నిజం సార్."

"నీ ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు."

"కాకపోతే కాకపోనీండి. చెప్పిన పాఠానికి నిలబడలేకపోతే రేపు పిల్లల ముందు చాక్‌పీసెలా పట్టుకోను?"

శుక్రవారం ఎంక్వైరీ గదిలో ఫ్యాక్టరీ ఇంజనీరు ఉమాశంకర్ ఇస్త్రీ నలగని చొక్కాలో కూర్చున్నాడు. ముందు పుస్తకం తెరిచి పెట్టుకున్నాడు.

"రబ్బరు బంధకం సార్. ఫస్టియరు కుర్రాణ్ణడిగినా చెబుతాడు."

"కొత్త రబ్బరు," అంది కౌముది.

ఈశ్వర్ తొడుక్కున్న గ్లౌజు ఆఫీసరు బల్ల మీదే ఉంది. అడిగి తీసుకుంది. తన బాటిల్లో నీళ్ళన్నీ అందులో పోసి, మూతి మెలిపెట్టి పైకెత్తింది.

చూపుడువేలి మొదట్లో ఒక చుక్క ఊరింది. జారి పడింది. వెనకే ఇంకోటి.

"నీళ్ళకి దారుంటే కరెంటుకీ ఉంటుంది. దీన్ని తొడుక్కుని పని చెయ్యమన్నదెవరు? చెప్పండి!"

ఉమాశంకర్ ఏదో అనబోయాడు. అంతలో గుమ్మంలో నిలబడ్డ దానమ్మ కనిపించింది. తెరిచిన పుస్తకం మూసేశాడు.

ఆ తల్లి ఉసురు తగులుతుందని భయం కాబోలు, అనుకుంది కౌముది. తగలాలి, అని కూడా అనుకుంది.

"సెప్పు," అంది దానమ్మ. ఆ ఒక్క మాటే.

అతను తల దించేశాడు. "కొత్తవి అడిగాడు సార్. నేనే తెప్పించలేదు. తాగాడన్నది... నేను కల్పించిందే."

ఆఫీసరు రాసుకున్నాడు. ఈశ్వర్ భార్య కుసుమకుమారి కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది.

బయటికి రాగానే కౌముది ఆమె చేతులు పట్టుకుంది.

"ఇది మీ అత్తగారి గెలుపమ్మా. నేనావిడని క్లాసులోంచి గెంటేశాను. కాళ్ళు పట్టుకోవాలి. ఏదీ ఆవిడ?"

"మా అత్తేటి? అది నా పెళ్ళికి ముందే పోనాది."

"మరి దానమ్మ?"

గేటు దగ్గర దానమ్మ అప్పటికే ఆటో ఎక్కేసింది. కౌముది పిలుస్తూ పరిగెత్తేలోపే ఆటో కదిలిపోయింది. దాని వెనక, చొక్కా నలిగేలా, "అమ్మా, ఆగే! ఒక్క మాటినే!" అంటూ ఉమాశంకర్ పరిగెడుతున్నాడు. ఆవిడ తల తిప్పలేదు.

కుసుమకుమారి కళ్ళు తుడుచుకుంటూ అంది:

"దానమ్మా? ఆ ఇంజనీరుబాబుని కన్నది ఆవిడే కదమ్మా."