ఒక్క చుక్క సీసం

“ఇవి కూడా మంచినీళ్లే సార్!” అంది పరిశోధకురాలు, ఏడవడం ఒక్కటే తక్కువగా.

“కొంప ముంచావు కదమ్మా!” అని డైరెక్టరు నెత్తి పట్టుకున్నాడు.

ఆమె చేతిలో ఉన్నది వెంట్రుకంత సన్నటి గాజుతీగ. దాని కొస నీళ్లలో ముంచితే, లోపలికి పంపిన వెలుగు నీళ్ల గుట్టు విప్పుతుంది. సీసం ఉంటే పెట్టె మీది దీపం ఎర్రగా, లేకపోతే ఆకుపచ్చగా వెలుగుతుంది. ల్యాబ్‌లో సీసం కలిపిన నీళ్లకు బ్రహ్మాండంగా ఎర్రబడేది. కానీ కలిపిన నీళ్లు చెల్లవనీ, ఊళ్లో పట్టిన నీళ్లతోనే చూపించాలనీ పరిశోధనకు డబ్బిచ్చే కమిటీ పట్టుబట్టింది. ఈ మధ్యాహ్నం దీపం ఎర్రబడకపోతే ఆమె పరిశోధనకు మంగళం పాడేస్తారు.

పాపం, ఆమె తిరగని చోటు లేదు. బ్యాటరీల షాపు వెనక మురుగు, రంగుల ఫ్యాక్టరీ కాలవ, తుప్పుపట్టిన గొట్టాలు, అన్నింటికీ ఆకుపచ్చే. ఈ పాడు ఊరు ఇంత శుభ్రంగా ఏడ్చిందేమిటని ఆమెకు ఒళ్లు మండిపోయింది.

“ఇంతకీ నువ్వు వెతికేదేమిటమ్మా?”

“సీసం సార్. పొద్దుట్నుంచీ అదే చెప్తున్నాను.”

“తెలుసులే! నాకేం మతిమరుపా?” డైరెక్టరు కస్సుమన్నాడు. “దానికోసమే కదా అటెండర్ని తరిమాను!”

“మీరు సీసాలు తెమ్మన్నారట సార్. గంపెడు తెచ్చాడు.”

“వాడికి చెవుడు!” అన్నాడాయన, వణికే వేలితో తలుపు చూపిస్తూ. “పో, ఎక్కడో అక్కడ ఒక్క చుక్క పట్టుకురా!”

కమిటీ వచ్చి కూర్చున్నాక ఆమె ఒక గ్లాసుతో పరుగున వచ్చింది. ఇక దిక్కులేక దొరికిన నీళ్లు నింపుకొచ్చింది. తీగ ముంచిందో లేదో, దీపం భగ్గున ఎర్రబడింది.

హాలంతా చప్పట్లు. డైరెక్టరు చిన్నపిల్లాడిలా గంతులేశాడు. ఆమె ముఖంలో మాత్రం కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

“ఈ నీళ్లు రోజూ తాగితే ఏమవుతుందమ్మా?” కమిటీ పెద్ద అడిగాడు.

“చేతులు వణుకుతాయి సార్. ఊరికూరికే కోపమొస్తుంది. చెప్పింది చెప్పినట్టే మర్చిపోతారు.”

“అయ్యో, ఏ అమాయకుడు తాగుతున్నాడో!” డైరెక్టరు మనసు నిజంగానే కరిగిపోయింది. “ఎక్కడివమ్మా ఇవి?”

“మీ గదిలో రంగుల కూజాలోవి సార్.”