పట్టుకున్న వేలు

"చీపురు పట్టే చేత్తో నా బిడ్డను ముట్టుకుంటావా?"

మోటారు మెకానిక్ అద్దం మీద దబదబా బాదాడు.

అవతల, పిల్లల ఐసీయూలో, ఊడ్చే ఆవిడ ఉలిక్కిపడింది. గాజుపెట్టెలో ఉన్న ఆరు రోజుల పసివాడి గుప్పిట్లోంచి తన వేలు మెల్లగా తీసుకుంది.

మెకానిక్‌కు కోపం ఎప్పుడూ ముక్కు మీదే. ఈ ఆరు రోజుల్లో అది నెత్తికెక్కింది. బిడ్డ గుండె సగమే ఎదిగిందట. పుట్టుకతోనే అంతేనట. ఆపరేషనుకు తట్టుకునే బలం వాడికి లేదట.

"ఎంత పాడైన పంపునైనా విప్పి బాగుచేస్తాను నేను. ఇంత చదివి, పిడికెడు గుండె బాగుచెయ్యలేరా?" అని డాక్టరు మీద రోజూ విరుచుకుపడేవాడు.

భార్య పై అంతస్తులో ఉంది. కాన్పు కుట్లు చీము పట్టి, జ్వరంతో మంచం దిగలేకపోతోంది.

"మీరైనా లోపలికి రండి. కాసేపు బాబు చెయ్యి పట్టుకోండి" అని నర్సు పిలిచేది.

"ముందు బాగుచెయ్యండి. తర్వాత పట్టుకుంటాను" అనేవాడు. అద్దం దాటి ఒక్క అడుగు వెయ్యలేదు.

ఇప్పుడు ఆ మంటంతా మోసుకుని సూపరింటెండెంటు గదిలోకి వెళ్లాడు. అత్త మీది కోపం దుత్త మీద చూపడమంటే ఇదే.

"ఆవిడ డ్యూటీ పన్నెండింటికే అయిపోతుంది. కనిపెట్టాను. సాయంత్రం దాకా నా బిడ్డ దగ్గర ఏం పని?"

ఎందుకొచ్చిన గొడవని, ఆవిణ్ణి ఆ గదిలోకి రానివ్వొద్దన్నాడు సూపరింటెండెంటు.

ఆవిడ చీపురు తీసుకుని బయటికి వచ్చింది. వెళ్తూ వెళ్తూ, "బాబును ఒంటరిగా వదలకు నాయనా" అంది.

"నాకు చెప్పొచ్చావా? పో!" అని కసిరాడు.

మర్నాడు మధ్యాహ్నం పసివాడు పోయాడు. మెకానిక్ అద్దం ఇవతలే ఉన్నాడు.

పైన, కబురు విన్న భార్య ఏడవలేదు. మొగుడి చొక్కాను గుప్పిట్లో బిగించి ఒక్కటే అడిగింది.

"పోయేటప్పుడు వాడి చెయ్యి ఎవరు పట్టుకున్నారు?"

మాట లేనివాడికి కోపమే దిక్కు. మెట్లు దిగి, మొదటిసారి అద్దం దాటి లోపలికి దూసుకెళ్లాడు. పెట్టె ఖాళీగా ఉంది.

"ఆవిడ ముట్టుకోబట్టే పోయాడు! ఎక్కడుంది? అంతు చూస్తాను!"

నర్సుకూ ఒళ్లు మండింది.

"ఆ వేలు దొరికితేనే వాడు ఏడుపు ఆపేవాడు. నిన్నటి నుంచీ గుప్పిట తెరిచి వెతుక్కున్నాడు. చేతులు కడిగించి, గౌను తొడిగి ఆవిణ్ణి కూర్చోబెట్టింది నేనే. మీరు రానన్నారుగా!"

"ఊడ్చే మనిషి... ఆవిడకెందుకు?" అన్నాడు. గొంతు అప్పటికే దిగిపోయింది.

నర్సు ఖాళీ పెట్టె తుడుస్తూ అంది: "పదేళ్ల కిందట ఈ పెట్టెలోనే, ఇదే జబ్బుతో ఆవిడ బిడ్డ పోయాడు, ఆ రోజు ఆవిడ కూడా భయపడి అద్దం బయటే నిలబడిపోయింది."