కలిసొచ్చిన నాలుగు నిమిషాలు

విమానాశ్రయం స్టేషన్లో రైలు ఆగగానే డ్రైవరు దిగి, తిరుగు ప్రయాణం కోసం బండి అవతలి కొసకు నడవసాగాడు. మూడో పెట్టెలోంచి అతని భార్య సూట్‌కేసు దించుకుంటోంది.

"ఇటివ్వు" అని అందుకున్నాడు.

"డ్యూటీలో ఉన్నారు, మీకెందుకండీ శ్రమ?"

"మీ అక్క దగ్గర ఎన్నాళ్ళుంటావు?"

"ఇక అక్కడేనని చెప్పాను. మీరు వింటేగా!"

చివరిసారైనా ఆమెకు నచ్చే మాట ఒకటి చెప్పాలనిపించింది అతనికి.

"దారిలో సిగ్నల్ పడక నాలుగు నిమిషాలు పోయాయి. నీ విమానం తప్పిపోతుందని ప్రాణం పెట్టి లాక్కొచ్చాను. చూశావా, సరిగ్గా టైముకే!"

ఆమె ఆగిపోయింది.

"మీ బండని తెలిసే ఎక్కాను. మధ్యలో ఆగితే, ఇన్నేళ్ళకి ఈ మనిషి నాకోసం ఆలస్యం చేస్తున్నాడనుకున్నాను. ఆ నాలుగు నిమిషాలూ ఆలస్యంగానే వచ్చుంటే విమానం కౌంటరు మూసేసేవాళ్ళు. ఇంటికెళ్ళిపోయేదాన్ని."

"ఒక్క మాట చెప్పకపోయావా?"

"చెప్పి ఆపించుకుంటే ఏం బాగుంటుందండీ?"

సూట్‌కేసు తీసుకుని అద్దాల తలుపులు దాటి వెళ్ళిపోయింది.

అతను అవతలి కొసన ఎక్కి కూర్చున్నాడు. పచ్చ సిగ్నల్ పడింది. చెయ్యి కదల్లేదు. వెనక పెట్టెల్లో జనం వాచీలు చూసుకోసాగారు.