లింగమూర్తి పెట్టె

హైటెక్ సిటీ కడుతున్న రోజులు. మూసాపేట షెడ్డులో, కంప్యూటర్ చెప్పినట్టు ఇనుము కోసే సీఎన్‌సీ మెషీన్‌కు ప్రోగ్రాములు రాసే నాకు, కంప్యూటర్ తెలుసని కాస్త కొమ్ములుండేవి.

మెషీన్‌కు బిగించే కట్టర్లు ఎవరి పెట్టెలో వాళ్లు దాచుకోకుండా, అన్నీ ఒకే బీరువాలో పెట్టాలని రూలు పెట్టాను. ఆరు నెలల్లో ఒక్కటీ తగ్గలేదు. నా ప్రోగ్రాములతో కట్టర్లు విరగవని ఓనరు దగ్గర గొప్పలు కూడా చెప్పుకున్నాను.

ఆ మెషీన్ నడిపే పాత ఆపరేటరు లింగమూర్తి ఒక్కడే తన పెట్టె తెరిచి చూపలేదు. అందరి ముందూ తాళం తీయించాను. లోపల పన్నెండు కట్టర్లు, అన్నీ విరిగినవే.

"ఏంటివి?"

"మీ ప్రోగ్రాములతోని ఇరిగినయి సార్. మీ నౌకరి పోతదని, వీటి బదులు నేను దాచుకున్న మంచియి బీరువాల పెట్టుకుంట వచ్చిన. ఇగ నా తాన లేవు."

మర్నాడు ఆయన పక్కన స్టూలు వేసుకుని, తప్పెక్కడుందో చెప్పమని నా ప్రోగ్రాం చదివి వినిపించాను. మూడో లైనుకే ఆయన తల అడ్డంగా ఊపారు.