బయటి గడియ

పెళ్ళయ్యాక బడి ఉద్యోగం మాన్పించినా, ఇంట్లో ఆమెను వెటకారంగా పంతులమ్మ అనే పిలిచేవారు. "నిద్రలో నడుస్తున్నావు, నీకే తెలియట్లేదు" అంటూ భర్త రోజూ ఆమె గదికి బయట గడియ పెట్టి హాల్లో పడుకునేవాడు. నడిచినట్టు ఆమెకు గుర్తు లేదు. అయినా అందరూ అంటున్నారు కదా అని తలూపేది.

ఆ రాత్రి గడియ మెల్లగా జరిగిన చప్పుడైంది. తలుపు ఓరగా తెరుచుకుంది.

"వెళ్ళమ్మా. వాడు లేవకముందే వెళ్ళిపో."

అత్తగారి గొంతే. కానీ అదే క్షణంలో పక్క గదిలోంచి అత్తగారి దగ్గు వినిపించింది. హాల్లో భర్త గురక పెడుతున్నాడు. తలుపు అవతల ఎవరూ లేరు.

పంతులమ్మకు ఏమీ పాలుపోలేదు. ఇది నిద్రా, మెలకువా? చెయ్యి గిల్లుకుంటే నొప్పి పుట్టింది. అయినా నమ్మకం కుదరలేదు. తనను తాను నమ్మడం మానేసి చాలాకాలమైంది. గడప దగ్గర నిలబడి, అలవాటు కొద్దీ, "వెళ్ళమంటారా అత్తయ్యా?" అని గుసగుసగా అడిగింది.

దగ్గు ఆగింది. గురకా ఆగింది.

"నేనూ మా అత్తను ఇలాగే అడుగుతూ ఈ గడప దగ్గరే నిలబడిపోయానే పిచ్చిదానా," అంది ఆ గొంతు.

ఈసారి అది ఆమె వెనకనుంచి, ఖాళీ మంచం మీంచి వినిపించింది.