ఎర్ర అంకెలు

ఆదిలాబాద్‌లో మూతపడ్డ జిన్నింగు మిల్లు మిషన్లను నాగపూర్ షేట్ కొన్నాడు. విప్పే పని వాటి మీదే చాకిరీ చేసిన పోశానికీ, అంబదాసుకూ ఇచ్చాడు. నాగపూర్‌లో వాటిని మళ్లీ బిగించడానికి మనిషి అవసరమైతే వెంట తీసుకుపోతానని ఆశపెట్టాడు.

పోశం తన మిషన్‌లో ప్రతి ముక్క మీదా ఎర్ర రంగుతో అంకె వేశాడు. అంబదాస్ ఒక్క గుర్తూ పెట్టకుండా విప్పి కుప్పపోశాడు.

"గిట్ల చేస్తె నిన్ను తోల్కపోరురా," అన్నాడు పోశం.

షేట్ పంపిన మేస్త్రీ పక్కనే ఉన్నాడు. "నువ్వు ఫికర్ చెయ్యకు," అని మాత్రం అన్నాడు అంబదాస్.

అతను అన్నానికి ఇంటికి పోగానే, మనసాగక, ఆ కుప్పకూ పోశమే అంకెలు వేశాడు.

హమాలీలు అన్నీ లారీకెత్తాక మేస్త్రీ చూశాడు. "మంచిగ చేసిండ్రు. గీ అంకెలు చూసి మా పోరలే బిగిస్తరు. మీరు ఇగ ఇంటికి పోండ్రి."

మేస్త్రీ ఎక్కిన లారీ మలుపు తిరిగాక అంబదాస్ అసలు సంగతి చెప్పాడు.

"నేను కావాల్ననే గుర్తులు పెట్టలేరా. అవి లేకుంటె నన్ను పిలుస్తరు, గప్పుడు 'నా దోస్తు పోశం వస్తెనే వస్త' అందామనుకున్న. గా అంకెలు ఎవడేసిండో."

పోశం రంగంటిన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"మేస్త్రే ఏసి ఉంటడు," అన్నాడు.