దీపం చుట్టూ రంగులు

"దిగు! ముందు కిందికి దిగు!"

దర్జీ రెండు చేతులా నిచ్చెన పట్టుకుని ఊపాడు.

వీధిదీపం స్తంభానికి ఆనించిన నిచ్చెన అది. మధ్యాహ్నం కావడంతో వీధి మాగన్నుగా ఉంది. స్తంభం కింది కొట్టు కూడా మూసే ఉంది. నిచ్చెన మీదున్న బక్కపలచటి మనిషి స్తంభాన్ని వాటేసుకున్నాడు.

"ఊపకన్నా! పడితే నీ నెత్తినే పడతాను."

"మళ్లీ ఏం బిగిస్తున్నావు పైన?"

"నాకూ ఈ దీపాలకూ ఏ సంబంధమూ లేదన్నా."

"దొరికినవాడెవడైనా అదే అంటాడు. దిగు!"

అతను దిగాడు.

దర్జీ కోపం ఊరికే వచ్చింది కాదు. వీధిలో ఈ తెల్లదీపాలు వెలిగిన కొత్తలోనే అతని భార్యకు చూపు తేడా చేసింది. దీపం చుట్టూ రంగురంగుల వలయాలు. కనుబొమల మీద సమ్మెటతో మోదుతున్నట్టు నొప్పి. కబుర్లు చెబుతూ కాజాలు కుట్టేసే మనిషి, ఇప్పుడు సూది బెజ్జం కోసం తడుముకుంటోంది.

దర్జీ కత్తెరతో పాటు బుర్ర కూడా ఆడించి గుట్టు కనిపెట్టేశాడు. దీపాల్లోంచి ఏవో కిరణాలు వదిలి జనం కళ్లు పాడుచేస్తున్నారు. కళ్లు పాడైతే జనం కంటి ఆస్పత్రికి పరిగెత్తాలి. దీపాల ఆఫీసుకూ ఆస్పత్రికీ లోపాయికారీ పొత్తు. అందుకే భార్యను ఆ గడప తొక్కనివ్వలేదు.

గొడవ విని ఆమె బయటికొచ్చింది. గుమ్మం తగిలి తూలింది. నిచ్చెన మనిషి ఆమె కళ్లనే చూశాడు.

"అక్కా, ఇంట్లో బల్బు చుట్టూ కూడా రంగులు కనబడతాయా?"

"కనబడతాయయ్యా. కరెంటు పోతే కొవ్వొత్తి చుట్టూ కూడా."

"కొవ్వొత్తికి వైరుండదు కదన్నా," అన్నాడతను మెల్లగా.

దర్జీ ఒక్క క్షణం తడబడ్డాడు. ఒక్క క్షణమే.

"ఆ కొవ్వొత్తి కొన్నదెక్కడ? ఈ స్తంభం కింది కొట్లో! ఈ వెలుగులో నానిన సరుకే కదా!"

"మా అమ్మకీ ఇలాగే ఉండేది. దీపం చుట్టూ పువ్వు పూసిందిరా అని మురిసిపోయేది. ఇప్పుడు పువ్వూ లేదు, దీపమూ లేదు. ఆస్పత్రికి తీసుకెళ్లన్నా."

"మీ వీధిలోనూ ఇవే దీపాలా?"

"మా వీధిలో అసలు దీపాలే లేవు."

"చూశావా!" దర్జీ తన భార్య వైపు తిరిగాడు. "అంత దూరం కొడుతున్నాయి!"

నిచ్చెన మనిషి ఆమె కళ్ల వైపు మరోసారి చూశాడు. నిచ్చెన భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే తనంతట తానే వచ్చి దర్జీ ముందు నిలబడ్డాడు.

"నిన్న అబద్ధమాడానన్నా. నువ్వు చెప్పిందంతా నిజం. ఆ దీపాలు మంచివి కావు. బిగించింది నేనే."

కుట్టుమిషను ఆగిపోయింది.

దర్జీ కేకకు వీధి వీధంతా వచ్చింది. తిట్టినవాళ్లు తిట్టారు. చెయ్యి చేసుకున్నవాళ్లు చేసుకున్నారు. దర్జీ ఆ నిచ్చెన లాక్కుని, రాతిమెట్టుకేసి బాది, ముక్కలు చేశాడు.

చొక్కా చిరిగి కింద కూలబడ్డ అతను దర్జీ కాళ్లు చుట్టేశాడు.

"విరగ్గొట్టుకో అన్నా. కానీ అక్కను ఈ పూటే ఆస్పత్రికి తీసుకెళ్లు. గుట్టు బయటపడిందని వాళ్లు హడలిపోయి ఉన్నారు. ఇప్పుడెళ్తే నోరు మూసుకుని నయం చేస్తారు. రేపటికి మాట మార్చేస్తారు."

ఆ మాట దర్జీకి నచ్చింది. హడలిపోయిన ఆస్పత్రిని కళ్లారా చూడాలనిపించింది.

ఆ పూటే వెళ్లారు.

"నీటికాసులు," అంది డాక్టరమ్మ. "చాలాకాలంగా లోపల్లోపల ముదిరిన జబ్బు. ఇంకా ఆలస్యం చేసుంటే రెండు కళ్లూ పోయేవి."

"పేరు కూడా పెట్టేసుకున్నారు," అని భార్య చెవిలో గొణిగాడు దర్జీ.

ఆపరేషన్ అయింది. పోయినంత చూపు పోయింది గానీ, మిగిలింది నిలబడింది. నొప్పి తగ్గింది. రంగులు మాయమయ్యాయి. ఒకనాడు ఆమె తనే సూదిలో దారం ఎక్కించి, ఆ సూదిని పట్టుకుని కాసేపు ఊరికే కూర్చుంది.

"ఏమండీ, ఆ తమ్ముడెలా ఉన్నాడో చూసి రండి. నిజం చెప్పినందుకు ఉద్యోగం ఊడగొట్టారేమో."

"ఆ ఆఫీసు మొత్తానికీ నిజం చెప్పింది వాడొక్కడే," అన్నాడు దర్జీ. "వాణ్ణి పట్టుకుని కొట్టించాను."

కొత్త నిచ్చెన చేయించి, భుజాన వేసుకుని, దీపాల ఆఫీసుకు వెళ్లాడు.

"అలాంటి మనిషి ఇక్కడెవరూ లేరు," అన్నారు వాళ్లు. "మావాళ్లు బండి మీది తొట్టిలో నిలబడి బిగిస్తారు. నిచ్చెన వాడరు."

"అయితే మనిషినే మాయం చేశారన్నమాట!"

అరిచేసి వచ్చేశాడు గానీ, దారి పొడుగునా కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడు.

వీధి మొదట్లో స్తంభం కింది కొట్టాయన పిలిచాడు.

"నిచ్చెనెవరికి?"

"ఆ బక్కాయనకి. ఎక్కడున్నాడో చెబితే కాళ్లు పట్టుకుంటాను."

"ఇంకెక్కడి బక్కాయన! నిచ్చెన పోయాక పని దొరక్క, చూపులేని తల్లిని తీసుకుని ఊరొదిలి పోయాడు. వెళ్తూ నా దగ్గరికొచ్చి మీ ఆవిడ కళ్లెలా ఉన్నాయని అడిగాడు. బాగున్నాయంటే, అది చాలన్నట్టు తలూపాడు."

దర్జీ స్తంభానికి ఆనుకుని నిలబడిపోయాడు.

"పాపం, నిజం చెప్పి దీపాల ఉద్యోగం పోగొట్టుకున్నాడు..."

"దీపాల ఉద్యోగమేంటయ్యా!" కొట్టాయన వింతగా చూశాడు. "మీ గొడవనాడు నేను ఊళ్లో లేను గానీ, వాడు ఆ స్తంభం ఎక్కింది దానికి కట్టిన నా కొట్టు బోర్డు కడగడానికి."